అక్క నదికి ఇవతల, తమ్ముడు అవతల

మా ఫ్రీజర్‌లో ఇంకా ఒక పొట్లం తమాలేలు మిగిలి ఉన్నాయి. మొక్కజొన్న పొత్తు మీది ఆకులో పిండి పరిచి, మధ్యలో కూర పెట్టి, చుట్టి ఆవిరి మీద ఉడికించే మెక్సికో వంటకం అది. మా కోనసీమలో పనసాకు బుట్టల్లో వండే పొట్టిక్కలకి దూరపు చుట్టం అనుకోండి. ఆ పొట్లం అయిపోయేలోగా ఈ ప్రయాణం గురించి రాసేయాలనిపించింది. టెక్సాస్ దక్షిణపు కొసకి, రియో గ్రాండే నది ఒడ్డుకి, మనవాళ్ళు పనిగట్టుకుని వెళ్ళరు. అక్కడ చూడ్డానికేముందని అడుగుతారు. నేనూ చూడ్డానికి వెళ్ళలేదు. కారు నడపడానికి వెళ్ళాను.

కారు మా పక్కింటి ఎర్నెస్టోది. షికాగో పక్కన అరోరాలో మా వీధిలోకి మేం రాకముందు నుంచీ ఉన్న మనిషి. స్కూల్ బస్ డ్రైవర్‌గా రిటైరయ్యాడు. మా అమ్మాయిని కిండర్‌గార్టెన్ రోజుల నుంచి బస్ ఎక్కించుకున్నది ఆయనే. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఏటా డిసెంబర్‌లో, క్రిస్మస్‌కి ముందు, టెక్సాస్‌లో ఉన్న అక్క ఎల్వీరా ఇంటికి వెళ్ళి తమాలేలు చేసి రావడం ఆయనకి ఆనవాయితీ. పోయిన అధ్యక్ష ఎన్నికల తర్వాత ఆ అక్క ఫోన్ ఎత్తడం మానేసింది. ఎర్నెస్టో ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే చేస్తాడు. అది మోగి మోగి ఆగిపోతుంది. ఆ ఏడు ఆమె రమ్మనలేదు, ఆయన వెళ్ళలేదు.

ఈసారి పిలవకపోయినా వెళ్తానన్నాడు. కంటి ఆపరేషన్ అయింది, దూరం డ్రైవ్ చేయొద్దన్నారు. నాకు సెలవులు మిగిలాయి. నేను వస్తానన్నాను. స్నేహం కొద్దీ అన్నాననే ఆయన అనుకున్నాడు. అందులో స్నేహం సగమే. మెక్సికో సరిహద్దు దాకా కారులో వెళ్ళొచ్చానని నలుగురిలో చెప్పుకోవచ్చన్నది మిగతా సగం.

మిస్సోరీ

మొదటి రోజు మధ్యాహ్నం మిస్సోరీలో రోడ్డు పక్క హోటల్‌లో ఆగాం. ఆయన సూప్ తాగాడు, నేను గుడ్లూ బంగాళాదుంపల వేపుడూ తిన్నాను. వడ్డించినామె మా ఇద్దర్నీ చూసి అన్నదమ్ములా అని అడిగింది. ఎర్నెస్టో అవునన్నాడు, చిన్నవాడు నేనేనన్నాడు. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద.

బయటికొచ్చి కారు ఎక్కాక, అక్కతో గొడవ ఏమిటో చెప్పాడు. ఇక్కడ జనం పార్టీలని రంగులతోనే చెబుతారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఆ నదీ తీరంలో వాళ్ళ కుటుంబాలు తరతరాలుగా నీలం పార్టీవి. ఎల్వీరా మొదటిసారి ఎరుపుకి వేసింది. వలస వచ్చినవాళ్ళ గురించి ఆ పార్టీ సభల్లో వినిపించిన మాటలు ఎర్నెస్టోకి నిద్ర పట్టనివ్వలేదట. ఫోన్ చేసి, నన్ను తరిమేయమనే వాళ్ళకి వేశావా అని అక్కని అడిగాడు. నీ గురించి కాదు అని ఆమె ఫోన్ పెట్టేసింది.

"నా గురించి కాకపోతే ఎవరి గురించి?" అన్నాడు రోడ్డు చూస్తూ.

అప్పుడు చెప్పాడు. వాళ్ళమ్మ మొదటి కాన్పుకి నదికి ఇవతలున్న పుట్టింటికి వచ్చింది. అందువల్ల అక్క పుడుతూనే అమెరికా పౌరురాలు. రెండో కాన్పు అవతల మెట్టినింట్లో జరిగింది. ఎర్నెస్టో నడక రాకముందే తండ్రి చనిపోతే, తల్లి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని నదిలో దిగి ఇవతలికి వచ్చేసింది. ఆయనకి కాగితాలు చాలా ఏళ్ళ తర్వాత, ప్రభుత్వం అలాంటివాళ్ళని క్షమించి పత్రాలిచ్చినప్పుడు దొరికాయి. ఆ తర్వాత సిటిజన్ అయ్యాడు. ఒక్క ఎన్నిక కూడా వదలకుండా ఓటు వేశాడు.

"అయినా టీవీలో ఆ మాట వినపడితే నా చేయి జేబు తడుముకుంటుంది, లైసెన్స్ ఉందా లేదా అని."

ఇవన్నీ ఆయన నాకు చెప్పాడు. అంటే, తర్వాత నేను చేసినదానికి తెలియక చేశాననే సాకు నాకు లేదు.

ఫ్రిస్కో, పెసరట్లు

రెండో రోజు రాత్రి బస డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ శేఖర్ ఇంట్లో. శేఖర్‌ది వరంగల్. తలుపు తీస్తూనే, "రా రా. జుట్టంత ఏడ పోయింది రా నీది?" అన్నాడు. వాళ్ళావిడ లలిత ఉప్మా పెసరట్లూ అల్లం పచ్చడీ చేసింది. ఎర్నెస్టో పచ్చడి రుచి చూసి, ఇందులో కారం మా ఊరి కారంతో మాట్లాడగలదన్నాడు. ఆమె సంబరపడి ఇంకో అట్టు వేసింది.

మనవాళ్ళు నలుగురు చేరితే మాట ఎక్కడికి వెళ్తుందో చెప్పక్కర్లేదు. వీసా ఫీజులు, గ్రీన్‌కార్డ్ వరస. శేఖర్ తమ్ముడు హెచ్‌-వన్ మీద ఉన్నాడు, స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళాలంటే భయపడుతున్నాడు. "మనమేం తప్పు జేసినమని మనకీ బాధ?" అన్నాడు శేఖర్. ఇల్లు వెచ్చగా ఉంది, కడుపు నిండుగా ఉంది, చాలా ఏళ్ళకి దొరికిన స్నేహితుడు. అతని మాటకి నా మాట కలపాలనిపించింది.

"మనం లీగల్‌గా లైన్‌లో నిలబడి వచ్చాం. బోర్డర్ దూకి ఇల్లీగల్‌గా వచ్చినవాళ్ళని డిపోర్ట్ చేస్తే సగం ప్రాబ్లమ్ సాల్వ్ అవుతుంది. వాళ్ళ మూలంగానే మనకి చెడ్డపేరు."

తెలుగులోనే కదా అన్నాను అనుకున్నాను. వీసా సంగతులు మనం తెలుగులో మాట్లాడం. క్రియ చివరా విభక్తి చివరా మాత్రమే తెలుగు, బరువున్న మాటలన్నీ ఇంగ్లీషే. ఆ బల్ల దగ్గర కూర్చున్న ఎవరికైనా నేను ఏం అన్నానో అర్థమవుతుంది. ఎర్నెస్టో సగం అట్టు పళ్ళెంలో వదిలేసి మంచినీళ్ళు అడిగాడు. కన్ను లాగుతోందని ముందే పడుకున్నాడు.

మర్నాడు వేకో పట్టణం దాటేదాకా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మీ భాష బాగుంది ప్రసాద్. చాలా వరకు అర్థమైంది."

లీగల్, లైన్, బోర్డర్, ఇల్లీగల్, డిపోర్ట్. ఒక్కొక్క మాటా, స్కూల్ పిల్లలు బస్ ఎక్కుతుంటే పేర్లు పిలిచినట్టు, వరసగా చెప్పాడు. నోటికి వచ్చిన మొదటి మాట అనేశాను.

"నీ గురించి కాదు, ఎర్నెస్టో."

ఆయన నవ్వాడు. కోపంగా ఉన్నా బాగుండేది. "మా అక్క కూడా సరిగ్గా ఇదే అంది," అన్నాడు.

శాన్ ఆంటోనియో

క్షమించమని అడగాలనుకుంటూనే శాన్ ఆంటోనియో చేరాను. ఊరి దక్షిణాన రేకుల పందిరి కింద టాకోలు అమ్మే ఒకామె దగ్గర తిన్నాం. గుడ్డూ బంగాళాదుంప కూరా పెట్టిన గోధుమ రొట్టె ఒకటి రెండున్నర డాలర్లు. షికాగోలో ఆ ధరకి ఎర్ర పచ్చడి మాత్రం ఇస్తారేమో. నేను ఆమెను ఎన్నికల గురించి అడిగాను. ఎర్నెస్టో మొహం తిప్పుకున్నాడు.

ఆమెకి ముగ్గురు కొడుకులట. పెద్దవాడు ఎరుపు. ఇళ్ళ కప్పులు వేసే కాంట్రాక్టు పని అతనిది. కొత్తగా వచ్చినవాళ్ళు సగం కూలికి పనిచేసి తన పని లాక్కుంటున్నారని కోపం. రెండోవాడు నీలం. అతని భార్యకి కాగితాలు లేవు. మూడోవాడు సోఫా దిగి ఓటు వేయడానికి వెళ్ళలేదు.

"పండగరోజు టేబుల్ దగ్గర ఏం మాట్లాడుకుంటారు?"

"ఫుట్‌బాల్," అంది. "ఎవరైనా ఇంకోటి ఎత్తితే పళ్ళెం తీసేస్తాను."

ఎర్నెస్టో అప్పుడు నవ్వాడు. ఇంకో రెండు టాకోలు కట్టించుకున్నాడు.

తలుపు

శాన్ ఆంటోనియో దాటాక ఊళ్ళు పలచబడి, ముళ్ళ తుప్పల పశువుల మైదానాలు వస్తాయి. అవి ఎంతసేపటికీ తరగవు. ఆ తర్వాత ఒక్కసారిగా తాటిచెట్ల లాంటి చెట్లు, నారింజ తోటలు, పంట కాలవలు. డిసెంబర్‌లో స్వెటర్ తీసేశాను. గట్టు మీద కొంగలు నిలబడి ఉంటే, ఏ ముమ్మిడివరం రోడ్డు మీదో ఉన్నాననిపించింది.

ఎల్వీరా ఇంటిముందు ఎర్నెస్టో చాలాసేపు కారులోనే కూర్చున్నాడు. తలుపు తీయకపోతే సముద్రం చూసి వెళ్ళిపోదాం, ఇక్కడికి దగ్గరే, అన్నాడు. అప్పటికే తలుపు తెరుచుకుంది. పొట్టి మనిషి, తెల్లని జడ, ముందు ఏప్రన్. తమ్ముడి దగ్గరికి నడిచి వచ్చి, గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"కన్ను ఎలా ఉంది?"

ఫోన్ ఎత్తని మనిషికి ఆపరేషన్ సంగతి ఎలా తెలిసిందో ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. మాకు బీన్స్, అంటే రాజ్మా లాంటి గింజల కూర, అన్నం పెట్టింది. నాతోనే మాట్లాడింది. గోడ మీద ఆకుపచ్చ యూనిఫారంలో ఉన్న ఫొటో తన కొడుకు రూబెన్‌దని, సరిహద్దు గస్తీలో పనిచేస్తాడని, ఈ వారం డ్యూటీ దూరంగా పడిందని చెప్పింది. పడుకోబోయేముందు తమ్ముడితో ఒక్క మాట అంది.

"పొద్దున్నే లేవండి. చేతులు తక్కువున్నాయి."

పిండి పరిచే బల్ల

చేతులు ఎందుకు తక్కువయ్యాయో మర్నాడు తెలిసింది. ఏటా ఆమెతో కూర్చుని పిండి పరిచే ఇద్దరు ఆడవాళ్ళు, అదే చర్చి వాళ్ళు, ఈసారి రాలేదు. కాగితాలు లేవు. కొన్ని నెలలుగా కారు తీయడానికి, సరుకులకి వెళ్ళడానికి కూడా భయపడుతున్నారు. నాలుగు కుర్చీల బల్ల దగ్గర వాళ్ళ కుర్చీల్లో మేమిద్దరం కూర్చున్నాం.

అది శనివారం. శనివారం నేను మాంసం తినను. ఆ సంగతి భయపడుతూ చెప్పాను, ఎందుకంటే కూర పంది మాంసం, పిండిలో పంది కొవ్వు. ఎల్వీరా ఏమాత్రం నొచ్చుకోలేదు. ఈస్టర్‌కి ముందు శుక్రవారాలు మేమూ తినం కదా, మీ దేవుడు శనివారం ఎంచుకున్నాడు అంతేగా అంది. కొంత పిండి వేరే గిన్నెలోకి తీసి నూనెతో కలిపింది. బీన్స్ పెట్టి చుట్టి, కలిసిపోకుండా ఆకు పీలికతో ముడి వేసింది. నాకు తెలిసిన చాలా ఇళ్ళలో మన భోజనాల దగ్గర ఎర్నెస్టో లాంటివాడికి ఎవరైనా ఇలా విడిగా వండారా అని ఆలోచించాను. నేనైతే వండలేదు.

మొదటి గిన్నె పొయ్యెక్కింది. అడుగున నీళ్ళలో ఆమె ఒక నాణెం వేసింది. నీళ్ళు మరుగుతున్నంతసేపూ అది గలగలమంటుంది. చప్పుడు ఆగితే నీళ్ళు అయిపోయాయని గుర్తు.

ఆ గలగల మధ్య ఎల్వీరా నాకు తన ఓటు గురించి చెప్పింది. నేను అడగలేదు. తమ్ముడు వినాలని నాతో చెప్పింది. వాళ్ళింట్లో నీలం పార్టీ అంటే పుట్టుకతో వచ్చిన మతం లాంటిదట. నాలుగేళ్ళకోసారి నాయకులు వచ్చి, బాండు మేళం పెట్టించి, రెండు ముక్కలు స్పానిష్ మాట్లాడి వెళ్ళేవాళ్ళు. వీళ్ళెక్కడికి పోతార్లే అన్న ధీమా. రెండో పార్టీవాళ్ళు కోడిగుడ్ల ధర గురించి మాట్లాడారు. రూబెన్ చేసేది గౌరవమైన పని అన్నారు. నది దగ్గర ఒక పద్ధతి ఉండాలన్నారు.

"పద్ధతి ఉండాలనుకోవడం తప్పా?" అంది.

ఎర్నెస్టో తల ఎత్తకుండానే అన్నాడు. "తప్పు కాదు ఎల్వీరా. నా పార్టీవాళ్ళూ నన్ను జేబులో వేసుకున్నట్టే మాట్లాడతారు, నాకూ మంటే. కానీ పద్ధతి గురించి చెబుతూ వాళ్ళు మమ్మల్ని ఏమన్నారో విన్నావా?"

"విన్నాను. అది నీ గురించి కాదు."

"ఇతన్నడుగు," అని ఎర్నెస్టో పిండి చెంచా నా వైపు చూపించాడు. "ఇతనూ అదే అంటాడు."

ఎల్వీరా నా వైపు తిరిగింది. "ఏమన్నావు మిహో?" అంది. మిహో అంటే నాయనా అని. ఆ పిలుపు వినకపోతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఫ్రిస్కోలో అన్నది మొత్తం ఇంగ్లీష్‌లో చెప్పాను. ఆమె తమ్ముడి కథ అప్పటికే నాకు తెలుసని కూడా చెప్పాను. స్నేహితుడి ఇంట్లో ఒకరిలా కనబడాలని అన్నానని, పక్కనున్నవాడు ఎవరో ఆ కాసేపు మర్చిపోవడం నాకు సుఖంగా ఉండిందని చెప్పాను. తెలుగులో ఊసుపోక మాటలా ఉన్నది, ఆ వంటింట్లో విడిగా నిలబెడితే చాలా నీచంగా ఉంది. ఎర్నెస్టోతో, తప్పు చేశాను, క్షమించు అన్నాను. రెండు రోజులు ఆలస్యంగా.

నాణెం చప్పుడు ఆగిపోయింది. ముందు గుర్తించినది ఎల్వీరాయే. లేచి మూత తీసి నీళ్ళు పోసింది. మా వైపు వీపు పెట్టి అక్కడే నిలబడింది.

"మా తమ్ముడు ఏ లైన్‌లోనూ నిలబడలేదు మిహో. వాడికి అప్పటికి నిలబడటమే రాదు. అమ్మ వీపుకి కట్టుకుంది. నేను అమ్మ చేయి పట్టుకుని నీళ్ళలో నడిచాను. నేను ఇక్కడ పుట్టినదాన్నే, అయినా ఆరోజు నేను కూడా నదిలోంచే వచ్చాను. మాకు ఆరోజు వేరే దారి తెలియదు."

నాణెం మళ్ళీ మొదలైంది. ఆమె వచ్చి కూర్చుంది.

"నీ గురించి కాదు, నీ గురించి కాదు. నా నోట్లోంచి వచ్చినప్పుడు నాకు వినపడలేదు," అంది తమ్ముడితో. "ఇతని నోట్లోంచి వస్తే వినపడింది."

ఎర్నెస్టో కళ్ళు తుడుచుకోబోయి, చేతినిండా పిండి ఉందని ఆగాడు. ఆమె తన ఏప్రన్ కొసతో, ఆపరేషన్ అయిన కన్ను తగలకుండా, తుడిచింది.

"ఓటు సంగతి వేరు," అంది వెంటనే. "అది నేనూ దేవుడూ చూసుకుంటాం. పిండి మందంగా పరుస్తున్నావు నేతో. ఎప్పుడూ అంతే నువ్వు."

నేతో ఆయన చిన్నప్పటి పేరు. ఏడాదికి పైగా ఆ పేరు పెట్టి ఎవరూ పిలవలేదని తర్వాత కారులో చెప్పాడు.

నది

ఆదివారం చర్చిలో మధ్య వరసలు ఖాళీగా ఉన్నాయి. బయటికొచ్చాక ఎల్వీరా, రాని ఆ ఇద్దరి ఇళ్ళకీ తమాలేలు పట్టుకెళ్ళింది. నేను డ్రైవ్ చేశాను. మొదటి ఇంట్లో మా కారు చూసి తెర కదిలింది, తలుపు తెరుచుకోలేదు. ఎల్వీరా గట్టిగా తన పేరు చెప్పింది. అప్పుడు ఒక చేయి వచ్చి పొట్లం అందుకుంది. ఎల్వీరా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తిరిగొచ్చి కారులో కూర్చుని, "ఆమె గురించీ కాదు అనుకున్నాను," అంది. నేను కారు రెండో ఇంటి వైపు తిప్పాను.

అక్కణ్ణుంచి నది చూపించారు. గోదావరి చూసిన కళ్ళకి అది ఒక పాయ. అవతల ఒక కుర్రాడు గేలం వేస్తూ కనబడ్డాడు. అరిస్తే వినపడే దూరం. అక్కా తమ్ముడూ తాము దిగిన చోటు ఎక్కడా అని వాదించుకున్నారు. ఆమె వంపు దగ్గరంది. నీకెలా గుర్తుంటుంది, నువ్వప్పుడు నా వెనకే ఏడుస్తూ వస్తున్నావు కదా అని ఆయన వెక్కిరించాడు. అమ్మ వీపు మీద ఉన్నది నువ్వు, ఏడ్చిందీ నువ్వే అని ఆమె మొట్టికాయ వేసింది.

తిరుగు దారి

ఉత్తరానికి వచ్చే రోడ్డు మీద గస్తీవాళ్ళు ప్రతి కారునీ ఆపుతారు. నేను మనవాళ్ళ అలవాటు ప్రకారం పాస్‌పోర్ట్ నుంచి పెళ్ళి సర్టిఫికెట్ దాకా అన్నీ ప్లాస్టిక్ ఫైల్‌లో తెచ్చుకున్నాను. ఎర్నెస్టో దగ్గర లైసెన్స్ ఒక్కటే. యూనిఫారంలో ఉన్న అబ్బాయి రూబెన్ వయసువాడు, ఎర్నెస్టో రంగువాడు. సిటిజన్లేనా అని మా ఇద్దర్నీ అడిగాడు. ఎర్నెస్టో అవునన్నాడు, చేయి జేబు మీదకి వెళ్ళింది. నేను ఫైల్ తెరవబోయాను. ఆ అబ్బాయి ముక్కు ఎగబీల్చి, వెనక సీట్లో ఏమిటని అడిగాడు. తమాలేలు అన్నాం. నవ్వి, వెళ్ళమన్నాడు. కొంతదూరం వెళ్ళేదాకా ఎర్నెస్టో చేయి జేబు మీదే ఉంది.

ఫ్రిస్కోలో మళ్ళీ ఆగుదామని నేనే అన్నాను. ఆయన వద్దనలేదు. ఆకు పీలికతో ముడి వేసి ఉన్న బీన్స్ తమాలేల్ని లలిత ఆవిరి మీద వేడిచేసింది. శేఖర్ ప్రయాణం ఎట్లయిందని అడిగాడు. ఈసారి ఇంగ్లీష్‌లో చెప్పాను. పోయినసారి ఈ బల్ల దగ్గర నా స్నేహితుడి మీద ఒక మాట అన్నాను, అది ఆయనకి అర్థమైంది, ఆ మాట తప్పు అన్నాను. శేఖర్ తల దించుకుని ఆకు విప్పుతూ, "నేను కూడా తల ఊపిన కదా," అన్నాడు. అదీ ఇంగ్లీష్‌లోనే అన్నాడు. ఎర్నెస్టో అతని చేతిలోంచి తమాలే తీసుకుని, చిరగకుండా ఆకు ఎలా విప్పాలో చూపించాడు.

కాసేపయ్యాక లలిత నా వైపు వంగి తెలుగులో అడిగింది. "ఇంతకీ వాళ్ళ అక్కగారు ఈసారి ఎవరికి ఓటేస్తారట అన్నయ్యా?"

జవాబు చెప్పబోయి ఆగి, ప్రశ్నని ఇంగ్లీష్‌లో ఎర్నెస్టోకి అందించాను.

ఆయన చేతులు తుడుచుకుని జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఆమెనే అడగండి," అన్నాడు. "ఇప్పుడు ఎత్తుతుంది."